విహారం నుంచి విహారస్థలం దాకా: నాగార్జునకొండ నదీతీర చరిత్ర – ఒక పరిశీలన

ప్రవేశిక

కృష్ణానది నల్లమల కొండల నడుమ నుంచి వెలువడి పల్నాటి నేలను ఒరసుకొని పారే చోట, మాచర్లకు చేరువలో, తెలుగునాట పేరొందిన విహారస్థలం ఒకటి ఉంది. నాగార్జునసాగర్ జలాశయం, దాని నడుమ ద్వీపంగా నిలిచిన నాగార్జునకొండ, కుడిగట్టున విజయపురి సౌత్ లాంచీల రేవు, ఎగువన అనుపు, దిగువన ఎత్తిపోతల జలపాతం కలిసి ఈ విహారస్థలం ఏర్పడింది. పాఠశాలల పిల్లలు, బౌద్ధ యాత్రికులు, పత్తి, మిరప పండించే మెట్ట ఊళ్ల కుటుంబాలు ఇక్కడికి వస్తుంటారు. ఆనకట్ట గేట్లు ఎత్తిన రోజుల్లో గట్లు జనంతో నిండిపోతాయి.

ఈ స్థలంపై వచ్చిన రచనలు సాధారణంగా రెండు తీరులుగా ఉన్నాయి. ఇక్ష్వాకుల రాజ్యం, బౌద్ధ శాఖలు, శిల్పం, శాసనాలను వివరించేవి మొదటి తీరువి. జలాశయాన్ని, పర్యాటకాన్ని వర్ణించేవి రెండవ తీరువి. మొదటి తీరు రచనలు సా.శ. నాలుగో శతాబ్దంతో ఆగిపోతాయి. రెండవ తీరువి 1955తో మొదలవుతాయి. చరిత్ర వేరు, వినోదం వేరు అన్న భావన ఈ విభజనకు మూలం. అయితే నేడు నాగార్జునకొండ చరిత్రను సామాన్యుడు చేరుకోగల దారి విహారయాత్ర ఒక్కటే. ఆ యాత్ర ఏమి చూపుతున్నది, ఏ క్రమంలో చూపుతున్నది అన్నది కూడా చరిత్ర రచనకు సంబంధించిన ప్రశ్నే. మునిగిన లోయలోని కట్టడాలను కాపాడినప్పుడు వాటి మధ్య ఉన్న స్థలసంబంధం చెదిరిపోయిందని, దాన్ని తిరిగి తెలియజేయడమే ఈ విహారస్థలానికి మిగిలిన ప్రధాన కర్తవ్యమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'విహార' శబ్దం

సంస్కృతంలో 'విహారం' అంటే సంచరించడం, క్రీడించడం. బౌద్ధంలో అది భిక్షువుల నివాసానికి పేరైంది. ఊరూరా తిరిగే భిక్షువులు వర్షాకాలంలో ఒకచోట నిలవవలసిన నియమం ఉండేది. ఆ నిలకడ స్థలాలు క్రమంగా శాశ్వత కట్టడాలయ్యాయి. ఈ విధంగా తిరుగాటను తెలిపే మాట నివాసాన్ని తెలిపేదిగా స్థిరపడింది. నాగార్జునకొండ ప్రాకృత శాసనాల్లో 'విహార', 'మహావిహార' పదాలు ఈ అర్థంలోనే కనిపిస్తాయి. నేటి తెలుగులో 'విహారయాత్ర', 'విహారస్థలం', 'జలవిహారం' అన్న మాటల్లో తొలి అర్థమే వాడుకలో ఉంది.

విహారాల శిథిలాలను చూడడానికి జలవిహారం చేసే చోటు కాబట్టి నాగార్జునకొండలో ఈ రెండు అర్థాలూ ఒకే స్థలంలో కలుస్తాయి. ఈ కలయిక కేవలం మాటకు సంబంధించినది కాదనీ, ప్రాచీన విజయపురిలోనే ధర్మం, క్రీడ, స్నానం, వేడుక ఒకే నదీతీరాన్ని పంచుకున్నాయనీ తవ్వకాలు తెలిపాయి.

విజయపురి నదీతీరం

శాతవాహనుల తరువాత మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు కృష్ణా దిగువ ప్రాంతంలో బలపడ్డారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు ఈ వంశపు రాజులు. వారి రాజధాని విజయపురి. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న లోయలో, నది కుడి ఒడ్డున ఈ నగరం వెలసింది. చుట్టూ ఉన్న కొండల పంక్తిని శాసనాలు శ్రీపర్వతమని పిలిచాయి.

నగర నిర్మాణంలో నదికి ఉన్న స్థానం గమనింపదగినది. కోట నదిని ఆనుకొని ఉండేది. నదిలోకి రాతి పలకలతో మెట్లు మెట్లుగా దిగే స్నానఘట్టం బయల్పడింది. శాంతమూలుడు చేసిన అశ్వమేధానికి సంబంధించినవిగా పండితులు గుర్తించిన కూర్మాకార వేదిక, అవభృథ స్నానపు కొలను కోటలో కనిపించాయి. పుష్పభద్రస్వామి, సర్వదేవ, అష్టభుజస్వామి, కార్తికేయ ఆలయాలు వైదిక, పౌరాణిక సంప్రదాయాలకు చెందినవి. సర్వదేవాలయాన్ని ఎహువుల శాంతమూలుని కాలంలో ఎలిశ్రీ అనే సేనాని కట్టించాడు. దాని శాసనం సంస్కృతంలో ఉండడం విశేషం. బౌద్ధ స్తూపాలు, విహారాలు లోయ నడుమ, కొండల పాదాల వద్ద, మిట్టల మీద విస్తరించాయి.

బౌద్ధ నిర్మాణాల్లో అంతఃపుర స్త్రీల దానాలు అధికం. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యాన్ని వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో పూర్తి చేయించింది. ఉజ్జయిని రాజకుటుంబానికి చెందిన రుద్రధర భట్టారిక అదే చైత్యానికి 170 దీనారి మాషకాలు ఇచ్చింది. వనవాసి రాజును పెండ్లాడిన కోడబలిశ్రీ మహీశాసక శాఖకు విహారం కట్టించింది. ఉపాసిక బోధిశ్రీ వీరపురుషదత్తుని పద్నాలుగో సంవత్సరంలో చుల్లధమ్మగిరిపై సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం నిర్మించింది. ఆమె శాసనం కాశ్మీర, గాంధార, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ, తామ్రపర్ణి ద్వీపాలను పేర్కొంటుంది. చుల్లధమ్మగిరి విజయపురికి తూర్పు దిక్కున ఉన్నదని ఆ శాసనమే తెలుపుతుంది. దాత తన కట్టడం ఎక్కడ ఉన్నదో నగరాన్ని ఆధారం చేసుకొని దిక్కుతో సహా చెక్కించింది. కట్టడానికి అర్థం దాని స్థానంలోనూ ఉందని ఆనాటివారు గ్రహించారనడానికి ఇది నిదర్శనం.

వినోదానికీ ఈ నగరంలో శాశ్వత స్థానం లభించింది. నాలుగు వైపులా మెట్ల వరుసలు, నడుమ దీర్ఘచతురస్రాకారపు బయలు గల ప్రేక్షక ప్రాంగణం ఇక్కడ బయటపడింది. భారతదేశంలో ఇటువంటి ప్రాచీన నిర్మాణాలు మిక్కిలి అరుదు. రోమన్ ప్రపంచంతో వాణిజ్య సంబంధాలున్న కాలం కాబట్టి ఆ ప్రభావాన్ని కొందరు ఊహించారు. అక్కడ మల్లయుద్ధాలు జరిగాయా, నృత్యగానాలు జరిగాయా అన్న చర్చ ఎలా ఉన్నా, జనం కూర్చుండి చూసే ఏర్పాటును రాతితో చేసిన నగరమిది. దాని పై భాగాన హారీతి ఆలయం ఉండేది. సంతానదేవతను కొలిచే గుడి, వేడుక చూసే మెట్లు ఒకదాని పక్కన ఒకటి ఉండడం ఆనాటి ప్రజాజీవితంలో మొక్కుకూ వేడుకకూ ఉన్న సామీప్యాన్ని చూపుతుంది.

కొండ పేరు, లోయ మరుగు

ఇక్ష్వాకుల తరువాత విజయపురి రాజధానిగా నిలవలేదు. మధ్యయుగాల్లో ఈ ప్రాంతానికి మళ్లీ ప్రాధాన్యం వచ్చింది గిరిదుర్గం వల్ల. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గాల్లో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, తంగెడ, కేతవరాలతో పాటు నాగార్జునకొండ కూడా ఉంది. అంటే పదహారో శతాబ్ది నాటికి ఆ పేరు కొండకోటకు స్థిరపడింది. ఇక్ష్వాకుల శాసనాలకు తెలిసిన పేరు శ్రీపర్వతం. ఆచార్య నాగార్జునునితో ఈ కొండకున్న బంధం సంప్రదాయం నిలిపినది.

ఈ భేదం ప్రస్తుత చర్చకు కీలకం. కొండ పైన సహజంగా ఉన్న కోటగోడల అవశేషాలు మధ్యయుగానివి. ఇక్ష్వాకుల నగరం, బౌద్ధారామాలు లోయలోనివి. కొండకూ లోయకూ మధ్య దాదాపు వెయ్యేళ్ల ఎడం ఉంది.

లోయలోని పురావశేషాలు 1926లో లోకానికి వెల్లడయ్యాయి. సూరపరాజు వెంకట్రామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు పాత స్తంభాలను గుర్తించి మద్రాసు ప్రభుత్వానికి తెలిపాడు. శాసన పరిశోధక కార్యాలయంలో తెలుగు సహాయకుడైన ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూసి వాటి విలువను ధ్రువపరిచాడు. 1927–31 మధ్య ఎ. హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. శాసనాలను జె. పి. హెచ్. వోగెల్ పరిష్కరించి ప్రకటించాడు. 1938–40లో టి. ఎన్. రామచంద్రన్ తవ్వకాలను కొనసాగించాడు. ఒక బడిపంతులు చూపు, ఒక తెలుగు సహాయకుని పరీక్ష ఈ కథకు ఆరంభమన్నది తెలుగు పరిశోధకులు మరువరాని విషయం.

తవ్వకం, ముంపు

కృష్ణ నీటిని పల్నాటి మెట్టలకు మళ్లించాలన్న ఆలోచన ఆంధ్రోద్యమ కాలం నుంచీ ఉన్నదే. పల్నాటి నీటి కరవు, జొన్నకూడు, రాతినేల శ్రీనాథుని పేరిట వాడుకలో ఉన్న చాటువులకూ వస్తువులయ్యాయి. నందికొండ వద్ద ఆనకట్ట కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పట్టుదలతో కృషి చేశాడు. 1952లో ఖోస్లా సంఘం ఆ స్థలాన్ని అనుకూలమని తేల్చింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లతో నిలిచిన ఈ రాతికట్టడపు ఆనకట్ట కుడి కాలువకు జవహర్ కాలువ అని, ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేర్లు వచ్చాయి.

ఆనకట్ట నిర్ణయంతో లోయ ముంపు ఖాయమైంది. దానికి ముందే భారత పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా లోయ అంతటా తవ్వకాలు సాగించింది. ముంపు గడువు తరుముతుండగా సాగిన ఈ పనిలో ఆదిమ శిలాయుగపు పనిముట్ల నుంచి నవీన శిలాయుగపు ఖననాలు, బృహత్ శిలా సమాధులు, ఇక్ష్వాకుల నగరం, మధ్యయుగపు ఆలయాల దాకా ఒకే లోయలో మానవ నివాసపు పొరలన్నీ వెలువడ్డాయి. ఆ తవ్వకాల నివేదిక తొలి సంపుటం 1975లో, రెండవ సంపుటం 2006లో వెలువడ్డాయి. తవ్వకం ఆరేళ్లలో ముగిసింది. దాని ఫలితాలు పూర్తిగా అచ్చు కావడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఈ ఆలస్యం కారణంగా, విహారస్థలం రూపుదిద్దుకున్న దశాబ్దాల్లో లోయ గురించిన పూర్తి చిత్రం పండితులకే అందుబాటులో లేదు.

నీటి కింద పోయినవి ప్రాచీన కట్టడాలు మాత్రమే కావు. పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్లు, వాటి పొలాలు, గుళ్లు, శ్మశానాలు, కాలిబాటలు కూడా పోయాయి. రాళ్లకు సంఖ్యలు వేసి తరలించారు. ఊరి జనం కొత్త చోట్లకు తరలిపోయారు. శిలలకున్న నివేదిక ఊళ్లకు లేదు.

ద్వీపం, అనుపు

తవ్విన వాటిలో ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను కొండపైకి తరలించి పునర్నిర్మించారు. మరో పద్నాలుగు శిథిలాలకు పెద్ద నమూనాలు చేశారు. కొన్నింటిని కుడిగట్టున అనుపు వద్ద నెలకొల్పారు. విహారం ఆకృతిలో కట్టిన ప్రదర్శనశాల 1966లో కొండపై వెలసింది. మహాచైత్యం, సింహళ విహారం, స్నానఘట్టం వంటివి కొండమీదికి చేరగా, ప్రేక్షక ప్రాంగణం అనుపుకు చేరింది.

ఈ కృషి ఘనతను రెండు పోలికలు తేటపరుస్తాయి. కృష్ణకు దిగువన ఉన్న అమరావతి స్తూపాన్ని 1797లో కాలిన్ మెకంజీ చూశాడు. ఆ తరువాత దాని శిల్పఫలకాలు మద్రాసుకు, లండన్‌కు చెదిరిపోయాయి. నాగార్జునకొండ శిల్పంలో అధికభాగం దాని లోయకు ఎదురుగానే నిలిచింది. ఇక ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట ముంపు నుంచి అబూ సింబెల్ తదితర ఆలయాలను కాపాడేందుకు యునెస్కో ఉద్యమం 1960లో మొదలైంది. ఆ సంవత్సరానికి నాగార్జునకొండ తవ్వకాలు ముగింపుకు వచ్చాయి. అంతర్జాతీయ నిధులు, ప్రచారం లేకుండానే ఒక కొత్త రాష్ట్రంలో ఈ పని జరిగింది.

అయినా తరలింపు వల్ల ఒక నష్టం తప్పలేదు. లోయలో దూరదూరంగా ఉన్న కట్టడాలు కొండపై పక్కపక్కన చేరాయి. నదిలోకి దిగవలసిన స్నానఘట్టం కొండనెత్తిన నీరు లేని మెట్ల వరుసగా మిగిలింది. చుల్లధమ్మగిరి విజయపురికి తూర్పున ఉన్నదన్న బోధిశ్రీ మాటను సరిపోల్చుకోవడానికి చూపరికి విజయపురే కనిపించదు. మధ్యయుగపు కోటగోడల నడుమ మూడో శతాబ్దపు స్తూపాలు నిలవడం వల్ల బౌద్ధారామం మొదటి నుంచీ కొండపైనే ఉండేదని, ఆచార్య నాగార్జునుడు ఆ శిఖరంపై బోధించాడని చూపరి అనుకోవడం సహజం. కట్టడాలు నిలిచాయి, వాటి మధ్య దూరాలు, దిక్కులు, నదితో వాటి బంధం మునిగాయి.

అనుపు ఈ లోటును కొంత పూరిస్తుంది. అక్కడి మెట్లపై కూర్చున్నవారికి ప్రాంగణం వాడుక వెంటనే అర్థమవుతుంది. పిల్లలు నడుమకు దిగి చప్పట్లు కొట్టడం, పెద్దలు పై మెట్లపై సేదదీరడం ఆ కట్టడం ఎందుకు కట్టారో అందుకు దగ్గరగానే ఉన్నాయి. ప్రదర్శనశాలలో శిల్పాన్ని కంటితో చూస్తారు. అనుపులో నిర్మాణాన్ని వాడి చూస్తారు. విహారం చరిత్రకు అడ్డు కాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

చంద్రవంక, ఎత్తిపోతల

ఈ విహారస్థలంలో మరో అంగం ఎత్తిపోతల. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకి, ఆ తరువాత కృష్ణలో చేరతాయి. దిగువ మడుగులో మొసళ్ల సంరక్షణ కేంద్రం ఉంది. దగ్గరలో దత్తాత్రేయ, రంగనాథ ఆలయాలున్నాయి. చంద్రవంక ఒడ్డున ఉన్న మాచర్ల పల్నాటి వీరకథలో బ్రహ్మనాయుని పక్షానికి నెలవు. ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు యుద్ధవీరుల, శిల్పుల స్మృతిని నిలిపిన ఈ నేలపైనే, నాగులేటి ఒడ్డున కారెంపూడిలో ప్రతి కార్తికంలో వీరుల తిరునాళ్లు జరుగుతాయి. ఈ రెంటికీ నేరుగా సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. కానీ నీటి ఒడ్డున చేరి మృతులను తలచుకోవడం, ఆ సందర్భంలోనే వేడుక చేసుకోవడం పల్నాటి అలవాటని రెండూ సాక్ష్యమిస్తాయి.

ఎత్తిపోతల అన్న పేరుకు 'యతుల తపోస్థలం' అన్న లోకవ్యుత్పత్తి ప్రచారంలో ఉంది. ఎత్తు, పోత అన్న తెలుగు మాటలే దీనికి సహజమైన ఆధారాలు. ఇదే మాట నేడు నీటిని యంత్రాలతో పైకెత్తి పొలాలకు పోసే పథకాలకూ పేరైంది. జలపాతానికీ సాగునీటి పథకానికీ ఒకే పేరు ఉండడం ఈ ప్రాంతంలో నీటి అందం, నీటి అవసరం విడదీయరానివని తెలుపుతుంది.

కాలువ కింది నేల

కుడి కాలువ మాచర్ల వైపు నుంచి పల్నాటిని దాటి వినుకొండ, అద్దంకి ప్రాంతాల మీదుగా ప్రకాశం జిల్లాకు చేరుతుంది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడిన ప్రకాశం జిల్లాకు, 2022లో గుంటూరు నుంచి విడివడిన పల్నాడు జిల్లాకు ఈ కాలువ ఉమ్మడి బంధం. వానపై ఆధారపడిన నల్లరేగడి చేలలో కాలువ అందిన చోట వరి వచ్చింది. ఆరుతడి కింద పత్తి, మిరప విస్తరించాయి. జలాశయంలో నీరు ఎంత ఉన్నదన్న వార్త గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతుకు దినపత్రికలో తొలి వార్త.

కాబట్టి మునిగిన లోయకూ పండిన మైదానానికీ మధ్య ఉన్నది ఇచ్చిపుచ్చుకొన్న బంధం. ఒక ఊరి పొలం నీటి కింద పోవడం వల్ల వంద ఊళ్ల పొలాలకు నీరందింది. కాలువ కింది రైతు కుటుంబం సాగర్ చూడ వచ్చినప్పుడు తమ పంటకు మూలమైన నీటిని చూస్తుంది. ఆ నీటి అడుగున ఎవరి నేల ఉన్నదో తెలిపే ఫలకం కూడా కనిపిస్తే ఆ యాత్ర సంపూర్ణమవుతుంది.

వర్తమానం

2014 తరువాత జలాశయం రెండు రాష్ట్రాల సరిహద్దయింది. ఎడమగట్టున తెలంగాణ ప్రభుత్వం 274 ఎకరాల్లో నెలకొల్పిన బుద్ధవనం 2022లో ప్రారంభమైంది. అది కొత్తగా రూపొందించిన ఇతివృత్త ఉద్యానం. కుడివైపు ద్వీపంలో అసలు శిలలు ఉన్నా, వాటిని చేరడం లాంచీపై ఆధారపడి ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన ఘోర ప్రమాదం తరువాత రాష్ట్రంలో పర్యాటక పడవలు నిలిచిపోయినప్పుడు, నాగార్జునకొండ ప్రదర్శనశాలకు దారి లేకపోయింది. నదీవిహారం ఆగితే చరిత్ర దర్శనమూ ఆగుతుందన్న సత్యాన్ని ఆ విరామం కళ్లకు కట్టింది. పడవ భద్రత ఇక్కడ వారసత్వ పరిరక్షణలో భాగమే.

ముగింపు

నాగార్జునకొండ నదీతీరంలో ధర్మం, వినోదం, స్నానం, స్మృతి ఒకే చోట కలిసి ఉండడం మూడో శతాబ్దం నాటి నుంచీ ఉన్నదే. అందువల్ల నేటి విహారస్థలాన్ని చరిత్రకు పరాయిదిగా చూడనక్కరలేదు. అక్కడి లోపం విహారంలో లేదు. చూపే క్రమంలో ఉంది. తరలింపు వల్ల చెదిరిన స్థలసంబంధాన్ని తిరిగి కూర్చడానికి కొత్త కట్టడాలు అవసరం లేదు. రేవు వద్ద మునిగిన లోయ పటం, ప్రతి పునర్నిర్మాణం పక్కన దాని తొలి స్థానాన్ని, దిక్కును తెలిపే తెలుగు ఫలకం, కోటగోడల కాలాన్ని స్తూపాల కాలం నుంచి వేరుచేసి చెప్పే వివరణ, ముంపు గ్రామాల పేర్ల పట్టిక చాలు. ఆ ఊళ్ల నుంచి వెళ్లిన కుటుంబాల్లోని వృద్ధుల జ్ఞాపకాలను సేకరించే పని తెలుగు శాఖలకు తగినది. కాలం మించక ముందే చేయవలసినది.

రేవు నుంచి కొండకు లాంచీ సాగే వ్యవధిలో ప్రయాణికులు లోయ మీదుగానే వెళతారు. స్నానఘట్టపు తొలి చోటు, సేనాని కట్టించిన గుడి, పుల్లారెడ్డిగూడెం వీధులు ఆ నీటి అడుగునే ఉన్నాయి. ప్రదర్శనశాల కొండపై మొదలవుతుందని నేటి ఏర్పాటు చెబుతున్నది. నిజానికి అది రేవులోనే మొదలు కావాలి.